‘మరణించారు’ అని చదువుకోవాలి

మార్చి 2

ఎడిటర్ పిలిచి పని అప్పగించాడు. పత్రికకి డెబ్బై ఐదేళ్ళు నిండుతున్నాయి, ప్రత్యేక సంచిక వేస్తున్నాం, మన తొలి మహిళా విలేఖరి జ్ఞాపకాలు మీరైతేనే రాబట్టగలరు అన్నాడు. కాస్త తియ్యగా ఉండాలట. చేదు వద్దట. మనిషికి షుగర్ ఉంది, తీపి మీద ధ్యాస అందుకే కాబోలు.

ఈ డైరీలో ఎడిటర్‌కి ‘డు’ మాత్రమే. నాకున్న అధికారం అంతవరకే.

ఆవిడకి డెబ్బై ఎనిమిది. గొంతులో పుండు. పద్నాలుగున ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తారు. అంటే ఆ గొంతుకి ఇంకా పన్నెండు రోజులు. ఎడిటర్‌కి ఈ సంగతి ఆర్నెల్లుగా తెలుసు. సంచికకి యాడ్స్ పోగయ్యాక గుర్తొచ్చింది.

మార్చి 3

మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, రెండు గదుల వాటా. మంచం కింద పాత పేపర్ల కట్టలు. ఆయా కాఫీ తెచ్చి పెట్టింది. ఆవిడకి చూపు ఆనదు, రోజూ పేపరంతా ఆయాయే చదివి వినిపిస్తుంది.

ఆఫీసులో ఆడవాళ్ళకి పంతొమ్మిదేళ్ళు టాయిలెట్ లేదట. పక్క వీధి ఫోటో స్టూడియోకి వెళ్ళొచ్చేవారట. వాన పడిందన్నట్టు చెప్పుకుపోతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరు అడ్డం పడ్డారో పేర్లు చెప్పండి అక్కగారూ, ఏకిపారేస్తాను అన్నాను. పోయినవాళ్ళు ఖండన పంపుకోలేరు కదమ్మాయ్, అది రిపోర్టింగ్ కాదు, వీపు వెనక రాయి వెయ్యడం అన్నారు.

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి ‘రుగారు’ అనేవారట. ఎందుకో రేపు చెప్తానన్నారు. గొంతు అలిసిపోయింది.

మార్చి 4

నలభై ఆరేళ్ళ కిందటి మాట. దారం మిల్లులో గోడ కూలి, ఇటుకలు మోసే ఒకామె ప్రాణం పోయింది. ఈవిడ సైకిల్ మీద వెళ్ళి, వివరాలు కనుక్కుని, వార్త రాసి డెస్కుకిచ్చారు. ‘ఆమె అక్కడికక్కడే మరణించారు. మిల్లు యజమాని సంతాపం తెలిపారు.’

న్యూస్ ఎడిటర్ ఎర్ర పెన్సిల్ తీసి మొదటి ‘మరణించారు’ని ‘మరణించింది’ చేశాడు. రెండో ‘రు’ జోలికి పోలేదు. కూలిమనిషికి కూడా ‘రు’ ఏమిటమ్మా, రేపు ఎడ్లకీ వెయ్యమంటావా అన్నాడట. పైగా హెడ్డింగ్ తనే పెట్టాడు. ‘గోడ కూలి కూలి మృతి.’ భలే కుదిరిందని డెస్కంతా బల్లలు చరిచారట.

ఈవిడ కిందికి దిగి కంపోజిటర్‌ని బతిమాలి అక్షరాలు మార్పించారు. ప్రూఫులో దొరికిపోయారు. తెల్లారి పేపర్లో ‘మరణించింది’ అనే పడింది. కంపోజిటర్‌కి వారం సస్పెన్షన్. ఈవిడకి రెండేళ్ళు కుట్లూ అల్లికల పేజీ. రుగారు అన్న పేరూ అప్పుడు పెట్టిందే.

ఇంతా చెప్పి షరతు పెట్టారు. నా జ్ఞాపకాలు మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోండి, పాకం పట్టుకున్నా సరే. కానీ ఆ వార్తకి సవరణ పడాలి. ‘మరణించింది’ అని పడినచోట ‘మరణించారు’ అని చదువుకోవాలి. ఒక్క ముక్క. అది వేస్తామంటేనే అనుమతి కాగితం మీద సంతకం అన్నారు.

మార్చి 5

ఒక్క అక్షరం. ఇవాళ నా కోపం ఆవిడ మీద.

మార్చి 6

కోపం దాచుకోవడం నాకు చేతకాదు. వెళ్ళి అడిగేశాను. జీతంలో సగం కోత, ప్రమోషన్ ఎగవేత, చెయ్యి వేసిన చీఫ్ రిపోర్టరు, ఇన్ని ఉండగా ఒక అక్షరం పట్టుకుని వేలాడటమేమిటి అక్కగారూ అన్నాను. అవన్నీ నాకు జరిగినవి, ఇది నా చేతుల మీదుగా ఇంకొకరికి జరిగింది అన్నారు. గోడ కూలింది, ఆమె మరణించింది. గోడకీ మనిషికీ ఒకటే తోక తగిలించాం, యజమానికి మాత్రం వేరే తోక. ఇది చిన్నదైతే పెద్దదేదో నువ్వే చెప్పు అన్నారు.

జవాబున్నట్టు మొహం పెట్టాను. అప్పుడు ఆయాని పిలిచి పోయినవారం నా కాలమ్ చదవమన్నారు. వీధులూడ్చేవాళ్ళ గురించి రాసింది. జనం తెగ మెచ్చుకున్నారు. ఆయా కూడబలుక్కుని చదివింది. ‘ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది. కమిషనర్ హామీ ఇచ్చారు.’ ఆగి, మళ్ళీ అదే చదివింది. మీరు తిట్టినాయనకేమో ‘రు’, మీరు వెనకేసుకొచ్చినావిడకేమో ‘ది’, బాగానే ఉందమ్మా మీ పోరాటం అని నవ్వింది.

నవ్వారు. ఆయాగారు నవ్వారు. చెయ్యి మొండికేస్తోంది, రాయిస్తాను.

ఇరవై ఆరేళ్ళుగా కాలమ్ రాస్తున్నాను. ఎన్ని ‘ది’లు చల్లానో.

మార్చి 9

ఎడిటర్‌తో గొడవ. అది తప్పు కాదు, శైలి అన్నాడు. శైలికి కూడా కులం, జీతం, లింగం ఉంటాయన్నమాట అన్నాను. ఇలా మొదలుపెడితే డెబ్బై ఐదేళ్ళ పేపరంతా దిద్దాలి అన్నాడు. దిద్దండి, నేను కాదన్నానా అన్నాను. కావాలంటే సన్మానపత్రం ఫ్రేము కట్టించి ఇస్తాడట. ఫ్రేముకి మేకు కొట్టే గోడ ఎవరి మీద కూలుతుందో చూసుకోండి అని లేచి వచ్చేశాను.

వస్తూ వస్తూ ఒక మాట వేశాను. సవరణ పడేదాకా రికార్డింగులు రావు, నా కాలమ్ కూడా రాదు.

మార్చి 12

ఒప్పుకున్నాడు. నీతికి లొంగలేదు, సంచిక విడుదలకి మంత్రి డేటిచ్చాడు. పదకొండో పేజీలో అడుగున వేస్తాడట. నా చేత్తో రాసి, రెండుసార్లు చూసుకుని, డెస్కులో ఇచ్చాను.

మార్చి 13

ఆఖరి రికార్డింగ్. సంతకం పెట్టారు. ఆ పాత వార్త తీయించి, ఆయాగారు ఒక్కో వాక్యం అందిస్తుంటే తన గొంతుతో మొత్తం చదివారు, ‘మరణించారు’ అనే. గొంతు బొంగురు. తర్వాత చాలు, ఆపెయ్యి అన్నారు.

మార్చి 14

ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నారు.

మార్చి 17

పడింది. భూముల వేలం ప్రకటన కింద.

‘నలభై ఆరేళ్ళ కిందటి దారం మిల్లు వార్త “గోడ కూలి కూలి మృతి”లో మరణించారు అని పడినచోట మరణించింది అని చదువుకోవాలి. పొరపాటుకు చింతిస్తున్నాము.’

ముమ్మారు చదివాను. డెస్కుకి ఫోన్ చేశాను. మేడమ్ తొందరలో తారుమారుగా రాశారనుకుని నేనే సరిచేశాను అన్నాడు సబ్ ఎడిటర్, కూలీలకి మనం ‘రు’ వెయ్యం కదండీ అని కూడా గుర్తుచేశాడు. వినయంగానే అన్నాడు. థాంక్స్ చెప్తానేమోనని ఆగాడు కూడా. వాణ్ణి తిట్టడానికి మాటలు వెతుక్కోవలసి రావడం నా బతుకులో ఇదే మొదలు.

ఆస్పత్రికి వెళ్ళి చదివి వినిపించాను. మెడకి కట్టు, ముక్కులో గొట్టం. భుజాలు అదిరాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు, చప్పుడు లేకుండా. ప్యాడ్ మీద పెద్దపెద్ద అక్షరాలతో రాశారు: డెస్కు బతికే ఉంది.

నాకు నవ్వు రాలేదు. రాదు.

మార్చి 18

ఆఫీసు నుంచి ఫోన్. ఎవరో వచ్చి ఎడిటర్ గది ముందు కూర్చున్నారు, కదలడం లేదు, మీ గొడవే కాబట్టి మీరే రండి అన్నారు. వెళ్ళాను. బస్సు డిపోలో టికెట్ కౌంటర్ దగ్గర పనిచేసే ఆవిడ. నా వయసే ఉంటుంది. మిల్లు గోడ కింద పోయినావిడ కూతురు.

అమ్మ పోయినప్పుడు తనకి ఆరేళ్ళట. ఇంట్లో పేపర్ లేదు, చదివేవాళ్ళూ లేరు. మా అమ్మ గురించి అప్పట్లో అంత మర్యాదగా రాశారని నిన్నటిదాకా నాకు తెలీదు, తెలిసిన పూటే వెనక్కి లాక్కుంటారా అని అడిగారు. ఇచ్చిన ‘రు’ ఇచ్చారు, ఉంచితే మీ సొమ్మేం పోయింది అన్నారు.

అసలు ఇవ్వనేలేదని చెప్పాలి. పాతికేళ్ళుగా అందరి మొహం మీదా నిజం విసిరే నేను ఆ పని అక్కగారికి వదిలేశాను. ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

అక్కగారు ప్యాడ్ అందుకున్నారు. ‘పేపర్లో పడింది మరణించింది. నేను రాసింది మరణించారు. అది వేయించలేకపోయాను.’ కూతురు గారు పైకే చదివారు, రెండుసార్లు. తర్వాత కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నారు.

అక్కగారు కొత్త కాగితం తిప్పారు. ‘అమ్మగారి వయసు?’

ఇరవై ఆరండీ అన్నారావిడ.

అక్కగారి చెయ్యి ఆగింది. పేపర్లో నలభై అని ఉంది. అది డెస్కు చేసింది కాదు. ‘మేస్త్రీ చెప్పింది రాశాను. ఇంటికి వెళ్ళి అడగలేదు. తప్పు నాది’ అని రాసి, కాగితం చింపి నా చేతిలో పెట్టారు.

మార్చి 19, సాయంత్రం 6.10

కొత్త సవరణ రాసిచ్చాను, ‘మరణించారు’ అని, ఇరవై ఆరు అని. పేజీ పెట్టేవాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్రింటుకి వెళ్ళేదాకా లేవను.