ఆర్నెల్ల చుక్క

బాపట్ల, 10 ఏప్రిల్ 2004

ప్రియమైన లాలూకి,

ఫోనులో నా మాట నీకు వినపడి చావదు కాబట్టి ఈ ఇన్‌లాండ్ లెటరు. రిటైరయ్యాక బడిపంతులికి పనేముంది? పొద్దుగూకగానే డాబా ఎక్కి సప్తర్షుల్ని చూస్తూ కూచుంటున్నా. తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని నలుసంత చుక్క, ఆయన భార్య అరుంధతి. మా పెళ్లిళ్లలో చూపించేది ఆవిడనే. ఆవిడ కనపడనివాడికి ఆయుష్షు ఆర్నెల్లేనని మా నాయనమ్మ అనేది. నాకు భేషుగ్గా కనపడుతోంది. నువ్వూ చూడరా, టైలరు కళ్ల సత్తా ఏంటో తేలుతుంది!

నీ శేషాచలం

రేపల్లె, 2 మే

ప్రియమైన శేషుకి,

వారం నుంచి చూస్తున్నా. వసిష్ఠుడున్నాడు, పక్కన ఎవరూ లేరు. మా చిన్నది ఇష్రత్ నా గడ్డం పట్టి తలెత్తించి, "అదిగో అబ్బాజాన్, అంత బాగా కనపడుతుంటే!" అంటుంది.

మా దాదీ వాళ్లని ఋషులనేది కాదు. నాలుగు చుక్కలు తండ్రి జనాజా, మీ మాటలో పాడె. వెనక మూడూ ఏడుస్తూ నడిచే కూతుళ్లు. నాకూ ముగ్గురే కదరా. పెద్దవాళ్లిద్దరూ తెనాలిలో కాపురాలు చేసుకుంటున్నారు. నేను పోతే ఇష్రత్‌కి ఎవరున్నారు? భయమేస్తోంది. కొత్త బట్టలు కుట్టడానికి ఒప్పుకోవడం లేదు.

నీ లాల్ అహమ్మద్

బాపట్ల, 9 మే

నా పిచ్చి లాలూకి,

సరదాకి రాస్తే చావు కబుర్లా! బుద్ధుందా నీకు? అవి శుక్లాలు, అంతే. ఎండలు తగ్గనీ, నేనే వచ్చి ఆపరేషన్ చేయిస్తా. షాపు తెరువు. అన్నం పెట్టే ముందు నాలుగు తిట్లు పెట్టమన్నానని ఇష్రత్‌కి చెప్పు.

నీ మంచి కోరే శేషు

రేపల్లె, 20 జూలై

ప్రియమైన శేషుకి,

నీ తర్వాతి రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేకపోయా. ఇష్రత్ పోయిందిరా. పచ్చకామెర్లు. తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయిందన్నారు.

చుక్క కనపడని నేను బతికే ఉన్నా. చూపించిన పిల్ల పోయింది. ఇదేం న్యాయంరా?

నీ మీద కోపం లేదు. కానీ ఆ చుక్క ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి, పెద్దవాళ్లు తెనాలి నుంచి వచ్చిపోతూ, కూతుళ్లు ముగ్గురూ నన్నే కనిపెట్టుకుని ఉన్నారు. అన్నం సహించడం లేదని ఇష్రత్ అంటే, నా మీద దిగులనుకున్నాం. దాని కళ్లు పచ్చబడుతుంటే ఎదురుగా కూచుని కూడా పోల్చుకోలేకపోయా. ఈ శుక్లాలకి లోకమంతా పచ్చగానే ఉంటుంది.

నా కోసమని మేలోనే కఫన్ గుడ్డ, అదే శవానికి చుట్టేది, కొని దాచుకున్నా. మాలో మగవాడికి మూడు గుడ్డలు, ఆడదానికి అయిదు. పెద్దల్లుడు ఖలీల్ బజారుకి పరిగెత్తి మిగతా రెండూ తెచ్చాడు. మాలో ఆడవాళ్లు జనాజా వెంట నడవరు, అక్కలిద్దరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. జనాజా వెనక నేను నడిచాను.

కళ్ల ఆపరేషన్ మాటెత్తనంటే ఒకసారి రారా.

లాలూ