గొడుగబ్బాయి మీద నా అనుమానం

ఫిబ్రవరి 2

చెల్లి పెళ్లి చేసుకుంటుందట. నేను సరే అంటేనే. అమ్మా నాన్నా పోయాక ఇంటికి పెద్ద దిక్కు నేనే కాబట్టి ఆ మర్యాద. అబ్బాయి ఏం చేస్తాడని అడిగాను. విమానంలోంచి జనాన్ని దూకిస్తాడంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది.

సముద్రం పక్కనున్న మా ఊరి నుంచి గంటసేపు కొండెక్కితే పైన చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. అక్కడ స్కైడైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్. చెల్లి పళ్ల డాక్టర్. జ్ఞానదంతం పీకించుకోవడానికి వచ్చి మనసు పారేసుకున్నాడట. డెంటిస్ట్ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మగాడు ఎవరికైనా అమాయకుడిలాగే కనిపిస్తాడు.

నేను లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ని. అంతా బానే ఉంది మేడమ్ అని ఎదురొచ్చిన ప్రతి బిల్డింగ్‌లోనూ ఏదో ఒకటి బాగా లేదు.

ఫిబ్రవరి 9

గొడుగబ్బాయి భోజనానికి వచ్చాడు. ఈ పేరు నేను పెట్టిందే. చెల్లికి నచ్చలేదు.

కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసింది. చెల్లి లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చుకుంది. అతను మాత్రం చాలా బాగుంది వదినా అని రెండోసారి వేయించుకున్నాడు. ఇంకా సంబంధమే కుదరలేదు, అప్పుడే వదిన. ఉప్పులేని కూరే బాగుందన్నవాడు ఇంకేమేం బాగున్నాయంటాడో.

ఫిబ్రవరి 10

పెళ్లికొడుకుని చూడ్డానికి పెద్దవాళ్లు అతనుండే చోటికి వెళ్లాలి. ఇతనుండేది ఆకాశంలో. కోర్సులో చేరాను.

ఫిబ్రవరి 22

మొదటి క్లాసు. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ని అందరూ పెద్దాయన అంటారు. మీసాలు తప్ప ముఖంలో ఏదీ కదలదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషులు ఎన్ని రకాలుగా చస్తారో వరసగా చెప్పాడు. నాకు భలే నచ్చింది. మా శాఖలో ఇంత నిజాయితీగా మాట్లాడినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

వీపు మీది సంచిలో రెండు ప్యారాచూట్లు ఉంటాయి. మెయిన్ తెరుచుకోకపోతే రిజర్వ్. మనం రెండూ లాగడం మర్చిపోయి రాయిలా పడుతుంటే, నేల ఇంకా ఏడొందల యాభై అడుగులుందనగా ఒక చిన్న డివైస్ దానంతటదే రిజర్వ్ తెరుస్తుంది. లిఫ్టుకీ ఇలాంటిదే ఉంటుంది, తాడు తెగి వేగం పెరిగితే పట్టుకుని ఆపేస్తుంది. అందుకని దాన్ని చూడగానే చుట్టాన్ని చూసినట్టయింది. నా పక్కన కూర్చున్న బ్యాంక్ మేనేజర్ రిజర్వ్ కూడా పోతే ఏం చెయ్యాలని అడిగాడు. మిగిలిన జీవితమంతా ప్రయత్నించడానికి టైముంటుందన్నాడు పెద్దాయన.

మార్చి 8

దూకాను. రేపు రాస్తాను.

మార్చి 9

పన్నెండు వేల అడుగుల్లో తలుపు తీశారు. ఒక పక్క పెద్దాయన, ఇంకో పక్క గొడుగబ్బాయి పట్టుకున్నారు. దూకాక నేను చెయ్యాల్సినవి మూడే. ఎత్తు చూపించే చేతి ఆల్టిమీటర్ చూడటం, వాళ్లను చూడటం, అయిదు వేల అయిదొందల దగ్గర హ్యాండిల్ లాగడం. నేనేమో దూరంగా సముద్రం చూస్తూ ఉండిపోయాను. భయం కూడా వెయ్యలేదు, అదే భయంగా ఉంది ఇప్పుడు. గొడుగబ్బాయి నా ముఖానికి ఎదురుగా, లాగమని వేలు చూపించాడు. ఇంకోసారి చూపించాడు. చివరికి నా చెయ్యి తీసుకెళ్లి హ్యాండిల్ మీద పెట్టాడు.

కింద అందరి ముందూ వదిన అదరగొట్టిందన్నాడు. పెద్దాయన వీడియో చూసి ఫెయిల్ అన్నాడు. పెద్దాయన మీద కోపం రాలేదు. ఇతని మీద వచ్చింది.

మే 18

లైసెన్స్ వచ్చింది. బ్యాంక్ మేనేజర్‌కీ వచ్చింది, అదే విచిత్రం. ఎయిర్‌ఫీల్డ్ వదిలి వెళ్లిపోతున్న ఒకామె దగ్గర సెకండ్‌హ్యాండ్ సంచి కొన్నాను. ఇక స్కూలు సంచులతో పని లేదు. నాది నా మంచం కింద ఉంటుంది. మెయిన్ నేనే హాల్లో పరిచి మడతపెడతాను. చెల్లి తాళ్ల మీంచి దాటుతూ క్లినిక్‌కి వెళుతోంది. మాటలు తగ్గాయి. నాలుగు నెలలు కావస్తోంది, ఇంకా ఏం చూడాలక్కా అంది నిన్న. మనిషి లోపల ఎలా ఉంటాడో చూడాలన్నాను. ఎక్స్‌రే తీసి ఇస్తానంది.

మే 25, ఉదయం 5 గంటలు

రిజర్వ్ తెరిచే ఆ డివైస్ ఇంట్లోనే ఆన్ చేశాను. చెప్పుల స్టాండ్ పక్కన కూర్చుని, తలుపు గడియ పెట్టి. చిన్న బటన్, ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా నొక్కాలి. విమానం నిలిపే హ్యాంగర్లో అయితే పదిమంది చేతులు. స్కూలు సంచులకు వాళ్లే పొద్దున్నే ఆన్ చేసేవాళ్లు, ఏం చేసేవాళ్లో ఎవరు చూశారు.

అదే రోజు, సాయంత్రం

గొడుగబ్బాయి పక్కకొచ్చి, డివైస్ ఇక్కడికొచ్చాకే ఆన్ చెయ్యాలి వదినా అని మెల్లగా అన్నాడు. ఎందుకో చెప్పబోయాడు. మెషీన్ల మధ్యే బతుకుతున్నదాన్ని, నాకు నేర్పకు అన్నాను. సరే వదినా మీ ఇష్టం అని వెళ్లిపోయాడు.

నా సంచి అతని హ్యాంగర్లోనే ఆన్ అవ్వాలని అతనికెందుకు? నేను సరే అనకపోతే పెళ్లి లేదు. నేనే లేకపోతే సరే అనాల్సిన మనిషే ఉండదు.

రాసుకున్నాక చదివితే నాకే సిగ్గేసింది. కొట్టెయ్యను కానీ.

జూన్ 8

జ్వరమని అతను రాలేదు. నేను రెండు జంప్‌లు చేసి ఇంటికొచ్చాను. నేనొచ్చానా అని చెల్లికి మూడుసార్లు ఫోన్ చేశాడట. ఎంత ప్రేమో చూడక్కా అంది. ఇన్నాళ్లూ లేని ప్రేమ ఈ రోజే ఎందుకొచ్చింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

జూన్ 15

పొద్దున్న బ్రీఫింగ్‌కి అందరం వెనక గదిలో కూర్చుంటాం. సంచులు హ్యాంగర్లో ఉంటాయి. గమనించాను, అతను ప్రతిసారీ అందరికంటే చివర్న వస్తాడు. ఎక్కడికెళ్లావని అడిగితే బాత్రూమ్ అన్నాడు. ప్రతి వారం అదే టైముకా అని అడగాలనిపించింది, ఆడదాన్నని ఊరుకున్నాను.

జూన్ 22

లిఫ్టుల్లో మేం బోల్టు బిగించాక దాని మీంచి పెయింట్‌తో గీత గీస్తాం. ఎవరైనా విప్పితే గీత కలవదు. సంచి మీద పెయింట్ వెయ్యలేను కాబట్టి బటన్ ఉన్న మూత కింద ఒక తెల్ల వెంట్రుక పెట్టాను. నా తలలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

బ్రీఫింగ్ అయ్యాక చూశాను. వెంట్రుక లేదు. డివైస్ ఆన్‌లోనే ఉంది. అది ఇంకా భయపెట్టింది. దూకలేదు. తలనొప్పని చెప్పి వచ్చేశాను.

జూన్ 29

పట్టుకున్నాను.

బ్రీఫింగ్ గదిలోకి వెళ్లినట్టే వెళ్లి పక్క తలుపులోంచి బయటికొచ్చి హ్యాంగర్ గుమ్మం పక్కనే ఆగిన కారు వెనక నిలబడ్డాను. అతను అటూ ఇటూ చూసి, నా సంచి ముందు మోకాళ్ల మీద కూర్చుని మూత ఎత్తాడు. వేలితో నొక్కాడు. లైటు ఆరిపోయింది. నేను కారు వెనక నుంచి అరుచుకుంటూ పరిగెత్తాను. ఏమన్నానో పూర్తిగా గుర్తు లేదు. హంతకుడా అన్నది గుర్తుంది.

అందరూ వచ్చారు. పెద్దాయన ఏం చేస్తున్నావని అతన్ని అడిగాడు. ఆన్‌లో ఉందో లేదో చూస్తున్నాను సార్ అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఇంకొకరి సంచిని చెప్పకుండా ముట్టుకున్నందుకు, విషయం తేలేదాకా ఎయిర్‌ఫీల్డ్‌లోకి రావద్దని పంపేశాడు. వెళుతూ అతను నన్నే చూశాడు.

జూన్ 30

చెల్లి మాట్లాడటం లేదు. నా పళ్లెం కడగలేదు.

జూలై 6

ఇది నెమ్మదిగా రాయాలి.

పొద్దున్న ఇంట్లో డివైస్ ఆన్ చేశాను. ఈ రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలని చేతి ఆల్టిమీటర్ కూడా ఇంట్లోనే సున్నా చేసుకున్నాను. కొండెక్కి ఎయిర్‌ఫీల్డ్‌లో కారు దిగేసరికి అది పదమూడు వందల అడుగులు చూపిస్తోంది. అలవాటు ప్రకారం మళ్లీ సున్నాకి తిప్పాను. తిప్పేటప్పుడు కూడా బుర్ర వెలగలేదు. ఇలా తిప్పడం మొదటి క్లాసులోనే నేర్పారు, దేవుడికి దణ్ణం పెట్టినట్టు తిప్పుతున్నానంతే.

విమానం ఎక్కాం. సంచి మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. మొదటిసారి నిశ్చింతగా ఉంది. ఆల్టిమీటర్ ముల్లు పైకి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. దీన్నయితే తిప్పాను, మరి వీపు మీద ఉన్నదాన్ని ఎవరు తిప్పారు అనుకున్నాను.

ఎవరూ తిప్పలేదు.

ఆ డివైస్ ఎక్కడ ఆన్ చేస్తే అదే నేల అనుకుంటుంది, దానికి నేల అంటే మా ఇంటి చెప్పుల స్టాండ్. ఎయిర్‌ఫీల్డ్ అంతకంటే పదమూడు వందల అడుగుల ఎత్తులో ఉంది. మొదటి జంప్‌లోలాగా నేను సముద్రం చూస్తూ మైమరిచిపోతే, ఇది నేల ఇంకా ఏడొందల యాభై అడుగులుందనుకుని రిజర్వ్ తెరిచేది. అప్పటికి నేను భూమిలోపల అయిదొందల యాభై అడుగుల లోతులో ఉంటాను.

ప్రతి ఆదివారం బ్రీఫింగ్ టైములో అతను చేసింది ఒకటే. ఇంట్లో ఆన్ చేసినదాన్ని ఆపి, అక్కడి నేల మీద మళ్లీ ఆన్ చెయ్యడం. జ్వరం వచ్చిన ఆదివారం తప్ప.

నేను దూకనన్నాను. అందరూ దూకారు. బ్యాంక్ మేనేజర్ వెళుతూ నా భుజం తట్టాడు. తలుపు మూశారు. పైలట్ బెల్ట్ పెట్టుకోమన్నాడంతే. ఖాళీ విమానంలో నేనొక్కదాన్నే దిగాను. దిగుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను.

పెద్దాయనకి అంతా చెప్పాను. నన్ను నెల రోజులు దూకొద్దన్నాడు. అతన్ని వెనక్కి పిలుస్తానన్నాడు, కానీ అతను కూడా సెప్టెంబర్ చివరిదాకా ఎవరికీ నేర్పడానికి వీల్లేదట, కింద నిలబడి దిగేవాళ్లని చూడాలి. అతనేం తప్పు చేశాడని అడిగాను. తప్పు చూసి నోరు మూసుకున్నాడన్నాడు.

జూలై 7

అతని గదికి వెళ్లాను. ఒక మంచం, ఉతికి ఆరేసిన జంప్‌సూట్. కాళ్లు పట్టుకుందామన్నంత పశ్చాత్తాపంతో వెళ్లాను. వెళ్లాక కోపం వచ్చింది. నాకు మళ్లీ ఎందుకు చెప్పలేదు, పెద్దాయనకైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఒకసారి చెప్పాను వదినా, మీరు వినలేదు. పెద్దాయనకి చెబితే మిమ్మల్ని ఆపేసేవాడు. ఆ కోపంలో మీరు మా పెళ్లి ఆపేస్తారనిపించింది."

జ్వరం వచ్చిన రోజు కనీసం ఫోన్ చెయ్యొచ్చు కదా అన్నాను. ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడట. నంబర్ కూడా నొక్కాడట.

లిఫ్ట్ మెకానిక్ ఎవడైనా ఇలా రోజూ చాటుగా సరిచేసి నోరు మూసుకుంటే లైసెన్స్ పీకేస్తాను. ఆ మాటే చెప్పాను. పీకెయ్యండి వదినా అన్నాడు. చూడు మళ్లీ.

క్షమాపణ చెప్పాను. అది వేరే. సరే అని మాత్రం చెప్పలేదు.

ఆగస్టు 3

చెల్లి మాట్లాడింది. నీ ప్రాణం కాపాడినవాడు కూడా నీకు పనికిరాడా అంది. అతను మంచివాడే, ఒప్పుకున్నాను. హంతకుడన్నందుకు జీవితాంతం సిగ్గుపడతాను. కానీ నాకు కోపం వస్తుందని నన్ను చావుకి వదిలేసినవాడు, రేపు నీకు కోపం వస్తుందని ఏం దాస్తాడు? నీ ఒంట్లో గడ్డ కనిపిస్తే చెబుతాడా? ఇంటికి నోటీసు వస్తే చెబుతాడా?

అతన్ని భయపెట్టింది నువ్వేనక్కా అంది. నిజమే. నా ముందు మాట పెగలని మెకానిక్‌లు ఎంతమంది ఉన్నారో. వాళ్లందరూ ఏమేం చాటుగా సరిచేస్తున్నారో. నిద్ర పట్టేలా లేదు.

ఆగస్టు 17

మళ్లీ దూకడం మొదలుపెట్టాను. డివైస్ హ్యాంగర్లో, అందరి ముందూ ఆన్ చేశాను. అతను దూరంగా గాలి ఎటుందో చూపే గుడ్డ గొట్టం కింద నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. బాగా దిగారు వదినా అన్నాడు తర్వాత. బాగా దిగలేదు, పిరుదుల మీద కూలబడ్డాను.

ఆగస్టు 31

చెల్లి అడగడం మానేసింది. అడిగితేనే బాగుండేది.

సెప్టెంబర్ 14

గాలికి ఎదురుగా దిగాలన్నది చివర్లో గుర్తొచ్చింది. రెండంతస్తుల ఎత్తులో, అటు తిరగాలని ఒక పక్క తాడు లాగేశాను. గొడుగు ఒరిగి నన్ను నేలకేసి ఈడ్చింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, అంతే.

అతను మైదానం ఆ చివర నుంచి పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన ముందు, కొత్త బ్యాచ్ అందరి ముందు, బుద్ధుందా నీకు అని అరిచాడు. అంత కింద తిరిగితే నడుం విరిగి మంచాన పడతావు, గాలి ఎటున్నా ఉన్నట్టే దిగాలని ఎన్నిసార్లు చెప్పాలి, ఇంకోసారి ఇలా చేస్తే నీ సంచి లాక్కుని ఇంటికి పంపిస్తాను అన్నాడు. ఎదురు చెప్పబోయాను. నోరు మూసుకుని విను అన్నాడు.

విన్నాను. పూర్తయ్యాక అక్కడే నేల మీద కూర్చుని చెల్లికి ఫోన్ చేసి సరే అన్నాను.