మూత ట్రైలర్

నాన్నా,

ఈ ఉదయం నీ జీపు అద్దం మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. నువ్వు పోయి నేటికి ఏడాది. చేపలు ఎండకు పాడవకుండా నువ్వు కొనాలనుకున్న, జీపు వెనక తగిలించే మూత ట్రైలర్‌ని అమ్మ కొంది. చిన్నాన్న మూత లేనిదే చాలన్నాడు.

“రైలుకి కుళ్ళిన సేపలు ఎక్కిస్తావేటి మరిదీ?” అంది అమ్మ.

పడవ ముక్కులా ట్రైలర్ ముందు భాగం పైకి తేలాలని చిన్నాన్న ఐసు, చేపల బుట్టలు అన్నీ వెనక పేర్చాడు. ఊరు దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగి, జీపును గట్టు కిందికి లాగబోయింది. ఆపి, బరువంతా ముందుకు జరిపాం.

“పడవకి ఇలాగే సేస్తాం కదా వదినా,” అని గొణిగాడు చిన్నాన్న.

“ఇది తేలీది కాదు, దొర్లీది,” అంది అమ్మ.

ఆ తర్వాత ట్రైలర్ ఊగలేదు. కోటబొమ్మాళిలో రైలు అందింది. బుట్టల మీద ఐసు ఇంకా గట్టిగానే ఉంది.

జీపు నడిపింది నేనే.