నూకాలు పేరు మీద లేచిన ఇంజను

1968 ఫిబ్రవరి, శనివారం రాత్రి.

ఇవాళ బావ పెరట్లో పుచ్చిపోయిన పడవలోంచి ఇంజను తీశాం. కొత్త పడవకి అదైనా పనికొస్తుందని ఆయన ఆశ. మూడు దూలాలు నిలబెట్టి, మోకు కట్టి ఎంత లాగినా కదల్లేదు. నేనున్నానని ఎవరూ గంగమ్మ పేరెత్తి కేక వెయ్యలేదు. ఆ కేకలు పాపమని గొంతు చించుకుని బోధించింది నేనే మరి. కేక లేక ఒక్కొక్కరూ ఒక్కోసారి లాగుతున్నారు.

"పేరెత్తకుండా బరువు లెగస్తాదేటి బావా? గంగమ్మొద్దంటే నీకు నచ్చిన పేరే సెప్పు" అన్నాడు బావ.

ప్రభువు నామం మోకులాగుడికి వాడటానికి నోరు రాలేదు. పడవ ముక్కు మీద వెలిసిన రంగులో, పోయిన మా చెల్లి, బావ భార్య, పేరు కనబడింది. బాప్తిస్మం నాడు నేనే పట్టుబట్టి దాన్ని మార్త అని మార్పించాను. అలా పిలిస్తే రెండోసారికి గాని తిరిగి చూసేది కాదు.

"నూకాలూ, హైలెస్సా" అని అరిచాను. అందరూ అందుకున్నారు. ఇంజను లేచింది.

"పిలిస్తే పలికినాది సూడు" అన్నాడు బావ, కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు బైబిల్లో యెషయా నలభై మూడు తెరిచి కూర్చున్నాను, "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను" అన్న చోట. పేరుపెట్టి పిలిచే ప్రభువా, అక్కడ దాన్ని ఏమని పిలుస్తున్నావు? మార్తా అనే అయితే, దయచేసి రెండోసారి కూడా పిలువు...