తోమిన సెంటు

జేన్స్‌విల్, ఒహాయో
మే, 1962

మహా తెలివిగల తమ్ముడు డ్వైట్‌కి,

వంటసోడా వేసి తోమావటగా! అది నాణెమా, ఎంగిలి పళ్లెమా? పాత రాగి మీద పట్టిన ఆ గోధుమరంగే దాని ప్రాణమని మనింట్లో పిల్లికి కూడా తెలుసు. నాన్న తన 1799 నాటి సెంటు నాణేన్ని ఇన్నేళ్లూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. నాణేల సంఘం వాళ్లు పోటీకి పెట్టమని పట్టుబడితే, తీసుకెళ్లి వాళ్లకి అప్పగించమని నీకిచ్చాడు. ఆయన బుద్ధికీ దణ్ణం పెట్టాలి.

నిన్న చర్చి నేలమాళిగలో అందరం ఆపిల్ పై తింటున్నాం. పోటీకి తీర్పరి ఎల్మర్ మన నాణెం పెట్టె మూత తీశాడు. భూతద్దమైనా ఎత్తలేదు. "ఎవడయ్యా దీన్ని తోమిన ఘనుడు? అవతల పెట్టండి" అన్నాడు. నాన్న లేచి, "మావాడేలే. పుట్టినప్పుడే బుర్ర ఇవ్వడం మరిచిపోయారు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నీలాంటివాడు తమ్ముడైనందుకు సిగ్గుగా ఉంది.

వెల్మా

కొలంబస్

అక్కా,

తిట్లు అందాయి. ఇది చదివి పొయ్యిలో పడెయ్.

ఆ సెంటును ఇంట్లో భూతద్దం కింద చూశాను. ఆ రోజుల్లో టంకశాలలో ఉక్కు అచ్చు మీద అంకెల్ని ఒక్కొక్కటిగా లోతుకి దింపేవాళ్లు. ఆ అచ్చును రాగి బిళ్ల మీద నొక్కితే రాగి గుంటల్లోకి పొంగి అంకె అవుతుంది. దాని చుట్టూ చదునుగా ఉండాలి. మన సెంటులో చివరి తొమ్మిది పక్కన గుంట ఉంది, సూదితో గీకిన గాట్లున్నాయి. అది ఎనిమిది అక్కా. 1798 సెంటు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. జనం పడి చచ్చేది 1799 కోసం. ఎనిమిదిలో కింది సున్నాను ఓ పక్క గీకేసి తొమ్మిది చేశారు. అచ్చుల గురించి జిల్లా అంతటికీ పాఠాలు చెప్పిన నాన్నకి అది కనపడలేదంటే నేను నమ్మను.

ఎల్మర్ భూతద్దం పెడితే నాన్న పరువు ఆ పూటే పోయేది. తోమిన నాణేన్ని మనవాళ్లు రెండోసారి చూడరు. అందుకే తోమాను.

డ్వైట్

జేన్స్‌విల్

నా డ్వైట్,

నీ ఉత్తరం కాల్చేసి నాన్న ఎదురుగా కూర్చున్నాను. "ఆ తొమ్మిదిని ఎవరు గీకారు నాన్నా?" అన్నాను. ఆయన కాఫీ కప్పు కిందైనా పెట్టలేదు. "నేనే. అయితే ఏం? కాపాడటానికే తోమాడని పెట్టె తెరవగానే అర్థమైంది" అన్నాడు.

"మరి అందరి ముందూ వాణ్ణి అంతేసి మాటలన్నావేం?"

"వెధవనిపించుకోవడం వాడికి అలవాటేగా. నాకు అలవాటు లేదు."

ఇంత నీచుడికా నేను ఇన్నాళ్లూ గుడ్లు వేయించి పెట్టింది! అసహ్యం వేసింది. సంఘంలో చెప్పలేదు, చెబితే నువ్వు పడ్డదంతా దండగ. రేపటినుంచి ఆయన గుడ్లు ఆయనే వేయించుకుంటాడు. నేను పొద్దున బస్సుకి నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. నిన్నన్న మాటలన్నీ నీ ఎదురుగా నిలబడి వెనక్కి తీసుకోవాలి. అప్పుడు మాత్రం నవ్వకురా.

నీ అక్క
వెల్మా