నేను గదిలో లేనప్పుడు

సెప్టెంబర్ 4, బుధవారం

యాభై రెండేళ్లకి నన్ను మళ్లీ క్లాసులో కూర్చోబెట్టారు. పీహెచ్‌డీ కోర్స్‌వర్క్ మొదటి రోజు. అందరం నర్సులమే. కానీ నాలాగా వార్డుల్లో ముప్పై ఏళ్లు నలిగినవాళ్లు ఒక్కరూ లేరు. నా పక్కన ఆస్గర్ అనేవాడు కూర్చున్నాడు. సన్నటి చేతులు, మెడకి ఉన్ని మఫ్లర్. తను వార్డులో పనిచేసింది కొన్నాళ్లేనని, ఆ తర్వాత వార్డుని 'గమనించడం' మొదలుపెట్టానని పరిచయం చేసుకున్నాడు. మేం మంచాలు తుడుస్తుంటే ఇతను గమనిస్తాడన్నమాట.

సెప్టెంబర్ 11

ఇంటర్వ్యూ ఎలా చేయాలో నేర్పారు. నాకు! ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసి రికార్డు చేయమన్నారు. నా వంతు రికార్డింగ్‌ని ప్రొఫెసర్ ఇంగెలీస అందరికీ వినిపించింది. ఆస్గర్ నోరు తెరిచిన ప్రతిసారీ అతని మాట నేనే పూర్తిచేశానట. "టోవె, ఎదుటివాళ్లు ఊరుకుంటే దాన్ని జబ్బనుకుంటున్నావు నువ్వు" అంది. క్లాసంతా నవ్వింది. ఎమర్జెన్సీలో జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో ఆవిడకి ఒక్కరోజు చూపించాలి.

సెప్టెంబర్ 15, ఆదివారం

మా ఆయన హెన్నింగ్ దగ్గరికి వెళ్లాను. దిండు మళ్లీ తప్పుగానే పెట్టారు. స్ట్రోక్ వచ్చి ఏడాది దాటింది, కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆ చేతి కింద దిండు ఎలా పెట్టాలో ఇంకా ఈ నర్సింగ్ హోమ్‌లో ఎవరికీ రాలేదు. సరిచేశాను. కొత్తమ్మాయి వచ్చి కాఫీ ఎలా కావాలని అతన్ని అడిగింది. పాలు బాగా పోయమని నేనే చెప్పాను. మాటల్లేని మనిషిని అడిగితే ఏం చెబుతాడు?

అక్టోబర్ 2

స్టాటిస్టిక్స్‌లో తప్పాను. ఆస్గర్ ఓదార్చడానికి వచ్చాడు. దారికి అడ్డం లేవమన్నాను.

అక్టోబర్ 23

ప్రతి విద్యార్థీ తన పేపర్ సెమినార్‌లో పెట్టాలి. ఇంకొక విద్యార్థి దాన్ని చీల్చి చెండాడాలి. ఆ పనికి ఇక్కడ ఆపోనెంట్ అని మర్యాదైన పేరు ఉంది. ఆస్గర్‌కి ఆపోనెంట్‌ని నేనే. చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ సైకిల్ తొక్కాను, ఎదురుగాలిలో.

అక్టోబర్ 27, ఆదివారం

పేపర్ వచ్చింది. మాట పోయిన రోగులతో నర్సులు ఎలా మసలుకుంటారన్నది విషయం. గమనికలు ఇతను రాసినవి కావు. పోయిన వసంతంలో ఇద్దరు సహాయకులు వార్డు బట్టలేసుకుని తిరిగి రాసుకున్నవి. తప్పులు వెతుక్కుంటూ ఎర్ర పెన్సిల్‌తో చదువుతున్నాను. అందులో ఒక రోగి ఉన్నాడు. పడవలు చేసేవాడు. ఎడమచేతి చూపుడు వేలికి కొన లేదు.

పేరు మార్చాడు, వయసు మార్చాడు. హెన్నింగ్ వేలు మార్చడం మరిచిపోయాడు.

తర్వాత అతని భార్య. 'తనూ నర్సే. రోగిని అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆమే జవాబిస్తుంది. ఆమె రాగానే రోగి కళ్లు మూసుకుంటాడు. ఆమె లేనప్పుడు అప్పుడప్పుడు స్పష్టంగా మాటలు పలుకుతాడు. ఆమె ఉన్నప్పుడు ఒక్క మాట పలకడం మేం వినలేదు.'

మాటలు పలుకుతాడు.

నాలుగైదుసార్లు చదివాను. పెన్సిల్ ఎక్కడ పెట్టానో తెలియదు.

అక్టోబర్ 29

హెన్నింగ్ దగ్గరికి వెళ్లలేదు.

నవంబర్ 6

సెమినార్ అయింది. నేను గొంతు పెంచలేదు. రోగి అనుమతి తీసుకున్నారు సరే, భార్య అనుమతి ఏదని అడిగాను. వార్డు గుమ్మం మీద నోటీసు అంటించామన్నాడు ఆస్గర్. నోటీసు అనుమతి అవుతుందా అని ఇంగెలీసని అడిగాను. తర్వాత ఆ భార్యని నేనే అని చెప్పాను.

ఆస్గర్ మొహంలో నెత్తురు లేదు. అతనికి నిజంగా తెలియదు. ఇంగెలీస చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంది. ఆ భాగమంతా తీసేయాలి, గమనికల్లో కూడా చెరిపేయాలి అని తేల్చింది. అది లేకపోతే ఆ పేపర్‌లో ఏమీ మిగలదు. అతని చదువు ఒక ఏడాది వెనక్కి పోతుంది.

గెలిచాను. సైకిల్ ఎక్కకుండా తోసుకుంటూ ఇంటికి నడిచాను.

నవంబర్ 13

క్యాంటీన్‌లో ఆస్గర్ ఒంటరిగా రై బ్రెడ్ తింటున్నాడు. ఎదురుగా కూర్చుని, హెన్నింగ్ ఏం మాటలన్నాడో చెప్పమని అడిగాను. బతిమాలాను అని రాయాలి, నిజానికి.

"చెరిపించింది నువ్వే. చెరిపేశాను."

చదివావు కదా, గుర్తుండే ఉంటాయి అన్నాను.

"ఉన్నాయి. చెప్పను. ఆయన నీకు చెప్పలేదు కదా, టోవె."

బ్రెడ్ సగంలో వదిలేసి లేచిపోయాడు. చెంప పగలగొట్టాలనిపించింది. అతను అన్నది తప్పని మాత్రం అనిపించలేదు. దాంతో ఇంకా మండిపోయింది.

నవంబర్ 14

డోర్తెని అడిగాను. హెన్నింగ్ ఉన్న వార్డుకి తనే హెడ్, నర్సింగ్ స్కూల్లో నా బ్యాచ్. అవును, ఒక్కోసారి మాట్లాడతాడంది. నాకు తెలుసనుకున్నారట. నాతో ఇంకా ఎక్కువ మాట్లాడతాడనుకున్నారట. ఏమంటాడని అడిగితే తలుపు వైపు చూసింది.

"కాఫీలో పాలు వద్దంటాడు. నువ్వొచ్చిన రోజు మాత్రం పోస్తాం, నువ్వు చెప్తావు కాబట్టి."

పెళ్లయిన నాటి నుంచీ అతని కప్పులో పాలు పోస్తున్నాను. ఒక్కనాడూ వద్దనలేదు. లేక వద్దంటే నేను వినలేదా?

నవంబర్ 17, ఆదివారం

వెళ్లాను. కోటు విప్పి కిటికీ దగ్గర కూర్చున్నాను. దిండు వంకరగా ఉంది. ముట్టుకోలేదు. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఏ కోర్సులోనూ చెప్పలేదు. అతను కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్ర కాదని నాకు తెలుసు. ఊపిరిని బట్టి చెప్పగలను.

అతని మీద కోపంతో ఇంటికొచ్చాను. పరాయివాళ్లకి మాటలు, నాకు కనురెప్పలు.

నవంబర్ 20

ఇంగెలీస పిలిచి, చదువు మానేస్తున్నావా అని అడిగింది. మాననన్నాను. పరిశోధన అంశం మార్చుకుంటావా అంది. ఆలోచించి చెప్తానన్నాను. తను కూడా కంగారుపెట్టలేదు.

డిసెంబర్ 1, ఆదివారం

కొత్తమ్మాయి వచ్చి కాఫీ ఎలా కావాలని అడిగింది. నేను నోరు తెరిచాను.

"ఉండు" అన్నాడు హెన్నింగ్.

ఆగమన్నాడో, పోవద్దన్నాడో తెలియదు. నోరు మూసుకుని కూర్చున్నాను.