సైకిల్ బుట్టలో పుప్పొడి

నవంబర్ 18, సాయంత్రం

ఇవాళ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లాను. ఈ వాక్యం రాసి మళ్లీ చదువుకున్నాను. నిజమే. వెళ్లాను, తిరిగి కూడా వచ్చాను.

మా వైపు పొద్దున్న బస్సు తీసేశారు. తర్వాతి బస్సు పట్టుకుంటే నేను చేరేసరికి ఆఫీసు గ్లాస్‌హౌస్‌లో, అదే మొక్కల గాజింట్లో, సగం పని ఇంకెవరో చేసేస్తారు. అందుకని స్టోర్‌రూమ్‌లో పాత పేపర్ల వెనక పడి ఉన్న మా ఆయన సైకిల్ బయటికి లాగాను. ముందు బుట్ట ఉంది, బెల్లు లేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఈ వయసులో ఇదేం సరదా, పడితే ఎముక అతుక్కోదు అన్నారు. అత్తయ్య కాఫీ ఊదుకుంటూ, పడనీరా, పడితే లేస్తుంది, నువ్వు దాన్ని కొన్న రోజునే గేటుకి గుద్దుకుని ఊరంతా వినబడేలా ఏడవలేదూ అంది.

బయట పొగమంచు, ఈ చలి ఊళ్లో నవంబరంటే అంతే. ముందు చక్రం తప్ప ఏమీ కనబడలేదు. నేను తొక్కేకొద్దీ రోడ్డు అప్పటికప్పుడు తయారవుతున్నట్టనిపించింది. వంతెన దిగేటప్పుడు బ్రేకు పట్టుకోలేదు. ఎందుకో తెలియదు. నేను అన్నిటికీ ముందే బ్రేకు వేసుకునే మనిషిని. మాట్లాడబోయే ముందు, ఒక్కోసారి నవ్వబోయే ముందు కూడా.

వంతెన దాటగానే పాత బొటానికల్ గార్డెన్. అక్కడి గాజిల్లు పొగమంచులో లాంతరులా వెలుగుతోంది. ఏడాదిగా బస్సులో ఇదే దారిన వెళ్తున్నాను. ఎప్పుడూ చూడలేదు.

నవంబర్ 21

వాన. బూట్లలో నీళ్లు. లిఫ్టులో అందరూ జాలిగా చూశారు. నాకేమో నవ్వు ఆగలేదు.

నవంబర్ 26

మీటింగులో నోరు విప్పాను. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి.

మా రీసెర్చ్ స్టేషన్ గ్లాస్‌హౌస్‌లో చివరి బెంచీ మీద ఒక తీగ ఉంది. ఆడతీగ, ఆడపూలే పూస్తుంది. మాకు తెలిసినంతలో ఈ జాతిలో ఇంకో ఆడతీగ మిగల్లేదు. కొమ్మ నాటితే కుళ్లిపోతుంది. గింజ కడితేనే దానికి తర్వాతి తరం. ఇన్నేళ్లలో ఒక్క గింజా కట్టలేదు. మగతీగ ఊళ్లోనే ఉంది, ఆ పాత గార్డెన్ గాజింట్లో. రెండూ చలికాలంలోనే పూస్తాయి, తెల్లవారకముందే విచ్చుకుంటాయి. అక్కడి పుప్పొడి మా వ్యాన్‌లో వచ్చేసరికి పదకొండు. అప్పటికి మా పూవు ముడుచుకుపోయి ఉంటుంది. ఏటా ఇదే తంతు.

డైరెక్టర్ గారు ఫైలు మూసి, ఈ చలికాలం కూడా కాయకపోతే మార్చిలో పీకేద్దాం, బెంచీ టమాటాలకిచ్చేద్దాం అన్నారు. టమాటాల మీద పరిశోధన చేసే సహోద్యోగి ఒకాయనున్నారు. మేమంతా టమాటా గారు అంటాం, ఆయనకీ తెలుసు. ఆయన బెంచీ పొడవు అప్పుడే కొలిచి పెట్టుకున్నారట. గొడ్డు తీగకి ఇంత హీటింగ్ ఎందుకండీ అన్నారు. అందరూ నవ్వారు. చెట్టుని కూడా వదలరు, ఆ మాట అనేస్తారు.

నేను రోజూ ఆ గార్డెన్ ముందునుంచే వస్తానండీ, పుప్పొడి నేను తెస్తాను అనేశాను. డైరెక్టర్ గారు కళ్లజోడు పైనుంచి చూసి, దేనిమీద వస్తారు అనడిగారు. సైకిల్ అన్నాను. టమాటా గారు, అసలు చలి ఇంకా రానేలేదు మేడమ్, వచ్చాక చూద్దాం, మీరే దుప్పట్లోంచి ఫోన్ చేసి సెలవడుగుతారు అన్నారు.

ఈసారి మొగ్గలు రెండే. ఇంటికొచ్చే దారంతా ఎందుకన్నాను, ఎందుకన్నాను అని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఎప్పుడూ తొక్కనంత వేగంగా తొక్కాను.

నవంబర్ 28

గార్డెన్ గాజింటి తాళాలు ఒకావిడ దగ్గరుంటాయి. ఆ ఆవరణలోనే కాపురం. తాళాలావిడ అని పేరు పెట్టుకున్నాను. పూవు విచ్చుకునే రోజున చీకటితోనే వచ్చి తలుపు కొడతానంటే, ఆ వేళకి దొంగలు కూడా పని ముగించుకుని పడుకుంటారు తల్లీ అంది. కాసేపు ఆలోచించి, సరేలే, కొట్టు, మెల్లిగా కొట్టు, మా ఆయన లేచాడంటే టీ పెట్టమంటాడు అంది.

మగతీగ నిండా పూలు. అక్కడ ఎంత కావాలంటే అంత పుప్పొడి. మా దగ్గరేమో రెండు మొగ్గలు.

డిసెంబర్ 5

మొదటి పూవు!

నిన్న సాయంత్రం మొగ్గ కొన తెల్లబడింది. తెల్లబడితే మర్నాడే విచ్చుకుంటుంది. పొద్దున్నే ఈదురుగాలి. ముఖాన్ని గరిటెతో గీకుతున్నట్టుంది. తాళాలావిడ తలమీదుగా శాలువా కప్పుకుని తలుపు తీసింది. మగపూలను చిన్న కాగితం మీద దులిపాను. పసుపు పచ్చటి పొడి, చిటికెడు. పొట్లం కట్టాను. ఈ గాలిలో, ఈ చలిలో దీన్నెక్కడ పెట్టను? కోటు లోపలి జేబులో పెట్టుకుని మెడదాకా జిప్పు లాగాను.

ఎదురుగాలి. పెడల్ మీద లేచి నిలబడి తొక్కాను. చంటిపిల్లను చంకనెత్తుకుని పరిగెడుతున్నట్టుంది. ఎత్తు ఎక్కేసరికి ఒళ్లంతా చెమట. మా పూవు అప్పుడే విచ్చుకుని ఉంది. బ్రష్ కొనతో అద్దాను.

రాత్రి అత్తయ్య, ఏమిటే, నీ ముఖం పెళ్లికూతురిలా ఉంది అంది. పూవుకి పెళ్లి చేసొచ్చానన్నాను. పెళ్లికొడుకేడీ అంది. జేబులో అన్నాను. మా ఆయనకి పొలమారింది.

డిసెంబర్ 9

రాలిపోయింది. కాడతో సహా.

డిసెంబర్ 10, సాయంత్రం

టమాటా గారు ఏమీ అనలేదు. అనుంటే బావుండేది. పోట్లాడటానికైనా ఒకరుండేవారు.

నిన్నటినుంచీ ఒకటే గోల లోపల. ఇన్నేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగమన్నప్పుడే ఆ ఆలోచన మానేయాల్సింది. తీగ నిజంగానే అంతేనేమో. నేను ఊరికే మధ్యలో దూరానేమో.

ఇంటికొచ్చి కోటు ఆరేస్తుంటే లోపలి జేబులో ఆ రోజు పొట్లం దొరికింది. మిగిలిన పుప్పొడి చూద్దామని విప్పాను. పొడి లేదు. ముద్ద ఉంది. కాగితానికి అంటుకుపోయి, తడిసి ఆరిన పసుపులా ఉంది.

మంచం మీద కూర్చుని ఆ కాగితం రెండు వైపులా తిప్పి చూశాను. పుప్పొడికి పడనివి రెండే, తేమ, వేడి. ఇది నేను చదివాను. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. చలేస్తుందేమోనని దాన్ని తీసుకెళ్లి చెమటలో ఉడకబెట్టాను. బస్సులో వెళ్లే మనిషి ఈ తప్పు చేయలేదు. కారులో వెళ్లే మనిషి చేయలేదు. ఎదురుగాలికి సైకిల్ తొక్కే తల్లి ఒక్కతే చేయగలదు.

ఏడుపు రావాలి. రాలేదు. లేచి గబగబా నడవడం మొదలుపెట్టాను. అంటే తీగ తప్పు కాదు!

డిసెంబర్ 14

రుజువైంది. రుజువైంది. మూడోసారి కూడా రాయాలనుంది.

పొద్దున్న గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. టైరు కింద కరకరమంది. మగపూలకి కొదవ లేదు కదా, రెండు పొట్లాలు కట్టాను. ఒకటి మామూలుగా లోపలి జేబులో. రెండోది రేకు డబ్బాలో పెట్టి ముందు బుట్టలో. ఒకే దారి, ఒకే మనిషి, ఒకే చెమట. తాళాలావిడ చూసి, ఇద్దరు పెళ్లికొడుకులా అంది. మొన్న ఇంట్లో పెళ్లికొడుకు జేబులో ఉన్నాడన్న మాట తనకి చెప్పాను లెండి. లెండి అని ఎవరికి రాస్తున్నానో.

ల్యాబ్‌లో రెండిటినీ చక్కెర నీళ్ల చుక్కలో వేశాను. బతికున్న రేణువైతే సన్నని గొట్టం పెడుతుంది, పూవులో గింజ దాకా వెళ్లేది ఆ గొట్టమే. మధ్యాహ్నం భోజనం మానేసి మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను. జేబు పుప్పొడి గులకరాళ్లలా ఉంది. కదలికే లేదు. స్లైడ్ మార్చాను.

బుట్ట పుప్పొడిలో ఒకదాని వెనక ఒకటి, గొట్టాలు! దారపు పోగుల్లా నాలుగు వైపులా సాగుతున్నాయి. చలి వాటినేమీ చేయలేదు. చలే కాపాడింది.

టమాటా గారు వెనక నిలబడి, ఏమిటండీ ఒక్కరే నవ్వుకుంటున్నారు అన్నారు. చూడమన్నాను. చాలాసేపు చూశారు. తలెత్తకుండానే, రెండో మొగ్గ ఎప్పుడు అనడిగారు. బెంచీ కొలతలు ఏం చేశారని అడిగాను. ఉన్నాయి, ఎక్కడికి పోతాయి, మార్చి ఇంకా రాలేదుగా అన్నారు.

డిసెంబర్ 20

మొగ్గ కొన తెల్లబడింది. రేపే.

ఇవాళే మంచు పడుతుందని వార్త. సాయంత్రం నుంచే మొదలైంది. ఇదే ఆఖరి మొగ్గ. ఇది పోతే తీగ పోయినట్టే.

మా ఆయన కారులో దింపుతానన్నారు. హీటర్ అన్నాను. ఆపేస్తానన్నారు. మీ ఒంటి వేడి, నా ఒంటి వేడి అన్నాను. అద్దాలు దించుతానన్నారు. చివరికి, తల్లీ, డిక్కీలో పెట్టు, డిక్కీలో ఎవరి ఒళ్లూ ఉండదు అన్నారు.

ఆయన చెప్పింది సబబే. కానీ నేను పరీక్షించింది సైకిల్ బుట్టని. డిక్కీని కాదు. అక్కడ పెట్రోలు వాసనుంటుందో, ఇంజన్ సెగ తగులుతుందో నాకు తెలియదు. తెలియని దాన్ని ఆఖరి పూవు మీద ప్రయోగించను. ఈ మాటే అన్నాను. సైన్సా, మొండితనమా అనడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగారు.

నాకూ తెలియడం లేదు. రెండూ ఒకే సీటు మీద కూర్చున్నట్టున్నాయి.

అత్తయ్య మాత్రం, రేపు ఇది జారి పడిందంటే నిన్నే అంటాన్రా, నీ సైకిలేగా అంది.

డిసెంబర్ 21, మధ్యాహ్నం, ల్యాబ్‌లో

ఇంటికెళ్లేదాకా ఆగలేను.

పొద్దున్న లేచేసరికి ఆయన పక్క ఖాళీ. బయట కారు మీద మంచు పారతో తీస్తున్నారు. నేనెక్కనని చెప్పాను కదా అన్నాను. నిన్నెవరు ఎక్కమన్నారు, నేను ముందు వెళ్తాను, నువ్వు వెనకాల రా అన్నారు.

వీధిలో అడుగు లోతు మంచు. ఒక్క మనిషి లేడు. ఆయన కారు నడక వేగంతో కదిలింది. వెనక రెండు చక్రాల గాళ్లు పడ్డాయి, నల్లగా, నున్నగా. కుడివైపు గాడిలో నా సైకిల్. ఎర్ర లైట్లు ముందు, నేను వెనక. పైనుంచి మంచు పడుతూనే ఉంది. మా పెళ్లినాడు కూడా ఇంత ఊరేగింపు లేదు.

తాళాలావిడ తలుపు ముందే తీసి పెట్టుంది. ఇవాళ నువ్వు రావని మా ఆయనతో పందెం కాశాను, ఓడిపోయాను పో అంది. పొట్లం, రేకు డబ్బా, బుట్ట. మళ్లీ గాడిలో.

మా రీసెర్చ్ స్టేషన్ ముందు ఎత్తులో కారు ఆగిపోయింది. చక్రం ఉన్నచోటే తిరుగుతోంది, మంచు వెనక్కి చిమ్ముతోంది. నేను దిగబోయాను. ఆయన అద్దం దించి, ఆగకు, ఆగితే నువ్వూ జారతావు, పక్కనుంచి పో, పో అని కేకేశారు. గాడి వదిలి మంచులోకి తిప్పాను. సైకిల్ పాములా మెలికలు తిరిగింది. పడలేదు. ఆయన్ని దాటేశాను. ఇన్నేళ్లలో ఏ విషయంలోనైనా ఆయన్ని దాటి ముందుకెళ్లడం ఇదే అనుకుంటా. వెనకనుంచి హారన్ మోగింది, ఒకసారి కాదు, ఆపకుండా.

పైన కొంతదూరం నెట్టుకుంటూ పరిగెత్తాను. గ్లాస్‌హౌస్ తలుపు దగ్గర టమాటా గారు. నడిచొచ్చారట. ప్యాంటు మోకాళ్లదాకా తడి. ఇంకా ముడుచుకోలేదు, రండి రండి అన్నారు, ఇంట్లో కాన్పు జరుగుతున్నట్టు.

డబ్బా మంచుగడ్డలా ఉంది. పొట్లం విప్పితే పుప్పొడి పొడిపొడిగా జారింది. బ్రష్‌తో అద్దాను. ఇంకోసారి అద్దాను. అంతే. దానికి పట్టింది ఒక నిమిషం.

మా ఆయన గంట తర్వాత వచ్చారు, ఎవరో కారు నెట్టారట. గాజు అవతలినుంచే, అయిందా అని సైగ చేశారు. అయిందన్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. నా ఒంటి వేడి ఉంది కదా అన్నారు.

డిసెంబర్ 24

కాడ ఉంది. అది తప్ప ఇంకేమీ చూడటం లేదు.

డిసెంబర్ 27

రేకలు రాలాయి. కాడ నిలిచే ఉంది. మొదటిది ఈపాటికి రాలిపోయింది. ఆశపడకూడదు. పడుతున్నాను. మంచు కరిగి రోడ్డంతా బురద, వీపంతా చుక్కలు. డైరెక్టర్ గారు రోజూ ఏదో పనున్నట్టు అటే వస్తున్నారు. అడగరు, బెంచీ పక్కన నిలబడి గొంతు సవరించుకుని వెళ్లిపోతారు. ఒకవేళ రాలితే ఎవరి ముఖం ముందు చూడాలో ఆలోచించి పెట్టుకున్నాను. ఎవరిదీ కాదు.

జనవరి 3

పిందె. మిరియపు గింజంత, ఆకుపచ్చగా. డైరెక్టర్ గారు భూతద్దం పెట్టి చూసి, టమాటా గారిని బెంచీ వేరే చోట వెతుక్కోమన్నారు. ఆయన వెతుక్కుంటానన్నారు.

సాయంత్రం ఎండగా ఉంది. మా వీధిలోకి తిరిగాను. గేటు దగ్గర ఆయన, మెట్ల మీద అత్తయ్య. ఇద్దరూ చూస్తున్నారు. ఇంకో చుట్టు కొట్టొస్తానని చెయ్యూపి, ఇంటి ముందునుంచే వెళ్లాను. ఆగలేదు.